కంబళి ముందు చెప్పినట్టే

పోయిన ఆదివారం మా మనవడు కోయంబత్తూరు నుంచి వచ్చాడు. వకీలు దగ్గర రాతపని చేస్తాడు. వారమంతా కాగితాల మీద వంగి ఉండే పిల్లవాడు ఇంటికి వచ్చిన ఒక్కరోజైనా కాగితం ముట్టకుండా ఉంటాడేమో అనుకుంటాను గానీ ఉండడు, చెన్నపట్నం నుంచి వచ్చే ఇంగ్లీషు పత్రిక ఒకటి చంకలో పెట్టుకుని వస్తాడు, నేను పత్తిలో గింజ తీస్తూ కూర్చుంటే పక్కన చేరి అందులో సంగతులు మన మాటల్లో చెబుతాడు. పోతనూరు దాకా వచ్చిన రైలు ఇంకా ఎక్కడెక్కడికి పోబోతోందో, దొరల సీమలో రాణీగారికి ఒంట్లో ఎట్లా ఉందో నాకెందుకురా అని విసుక్కుంటూనే వింటాను. ఆ రోజు వాడు చెప్పింది వేరు. సీమలో పెద్దమనుషులు సభ చేరి, మనిషిని చంపినవాణ్ణి ఉరితీయడం ఇంకా ఉండాలా, తీసెయ్యాలా అని వాదించుకుంటున్నారట. భయం లేకపోతే లోకం అదుపులో ఉండదని కొందరు, చంపడం తప్పయితే చంపినవాణ్ణి చంపడం మటుకు ఒప్పెట్లా అవుతుందని కొందరు. రెండు పక్కల మాటలూ వకీలు లాగా చేతులు తిప్పుతూ చెప్పి, నువ్వు ఏ పక్కం అవ్వా అని నవ్వాడు. వాడికి తెలియదు పాపం. ఈ ఇంట్లో ఎవరికీ తెలియదు, తెలిసినవాళ్ళందరూ పోయారు. ఒళ్ళో పత్తి ఒళ్ళోనే ఉండిపోయింది.

అందుకే ఇది చెబుతున్నాను. నేను చెబుతుంటే వాడే రాస్తున్నాడు, నా మాటలు సరిదిద్దితే కాగితం లాక్కుంటానని ముందే బెదిరించాను. ఇప్పటి పిల్లలకి ఇది కథలాగా ఉంటుంది. నా ఈడువాళ్ళు, కుంఫిణీ ఏలుబడిలో పెరిగినవాళ్ళు ఎవరైనా మిగిలి ఉంటే వాళ్ళకి నేను పెద్దగా వివరించనక్కర్లేదు.

నేను పుట్టిన ఊరు అన్నూరుకి తూర్పున, నల్లరేగడి నేల. వాన పడితే కాలు ఊడిరాదు, ఎండ కాస్తే నెర్రెల్లో చెయ్యి దూరుతుంది. ఇంట్లో తెలుగు, సంతలో అరవం, కోపం వస్తే రెండూ కలిపి. నాన్న నా చిన్నప్పుడే పోయాడు, అమ్మ, అన్న, నేను ముగ్గురమే. మా అమ్మ తోడబుట్టిన మామ ఇల్లు మా దొడ్డిగోడకి ఆనుకునే ఉండేది, మామకి ఒక్కడే కొడుకు, వాడు నాకు బావ. మాలో మేనరికం ఎవరూ కూర్చుని నిశ్చయించే సంగతి కాదు, నేను పుట్టినరోజే అది అయిపోయింది. అందుకని నేను బావ ఎదుట పడేదాన్ని కాదు, పడకుండానే వాడు ఎక్కడున్నాడో నాకు ఎప్పుడూ తెలిసి ఉండేది, ఎట్లా తెలిసేదో ఇప్పటికీ చెప్పలేను.

అన్నా బావా ఒకే కంచంలో తిన్నవాళ్ళు. పొల్లాచ్చి సంతకి ఎడ్లు కొనడానికి పోతే ఇద్దరూ పోవాలి, ఒకడికి జ్వరం వస్తే రెండోవాడు పని మానేసి కూర్చోవాలి. రెండిళ్ళకీ కలిపి ఒకే నుయ్యి, దానికి ఈ గట్టున మా మోట, ఆ గట్టున మామ వాళ్ళ మోట. తెల్లవారేసరికి ఇద్దరూ ఎడ్లు కట్టి నీళ్ళు తోడుతూ పాట ఎత్తుకునేవాళ్ళు, ఎన్ని మోటలు తోడారో లెక్క తప్పకుండా ఉండడానికి కట్టిన పాట అది, అన్న ఒక మోట అంకె పాడితే బావ అవతలి గట్టు నుంచి తరువాతి అంకె పాడేవాడు. అన్న గొంతు సన్నం, బావది బొంగురు. నేను కింద కాలవ దగ్గర పార పట్టుకుని, ఒక మడి నిండగానే గట్టు తెంచి నీళ్ళు పక్క మడిలోకి మళ్ళించేదాన్ని. మడి నిండినా చూసుకోకుండా పాట వింటూ నిలబడి ఎన్నిసార్లు అన్న చేత తిట్లు తిన్నానో. పొగాకు ఆకుల మీద పొద్దు పడుతున్న ఆ వేళలు ఇప్పటికీ కళ్ళ ముందే ఉంటాయి. ఆ తరవాత నాకు మంచిరోజులు రాలేదని కాదు, వచ్చాయి, కానీ ఇది మంచిరోజు అని తెలియకుండా బతికిన రోజులు అవే.

నాకు పదహారేళ్ళు నిండిన వేసవి వానల్లేక నూతిలో నీళ్ళు అడుగంటాయి. రెండు మోటలు నడవవు, అందుకని రోజు మార్చి రోజు వంతు వేసుకున్నారు. ఒక రోజు బావ వంతు. అన్న తన పొగాకు వాడిపోతోందని తెల్లవారకముందే వచ్చి సగం పూట నీళ్ళు తోడేశాడు. తప్పు మా అన్నదే, అది ఎప్పుడూ దాచలేదు నేను. బావ వచ్చి అడిగాడు, మాట మీద మాట పెరిగింది. అన్న కోపిష్టి, కొడవలి తీసి బావ మోట తాడు తెగ్గోశాడు, మోట నూతిలో పడిపోయింది. బావ వెనక్కి తిరిగి రెండు చేలు దాటి ఇంటికి పోయాడు. నేను కాలవ దగ్గరి నుంచి చూస్తూనే ఉన్నాను, వాకిట్లో కుండ దగ్గర ఆగి నీళ్ళు తాగాడు, తాగి గడ్డపార తీసుకుని వచ్చాడు. ఒక్కటే దెబ్బ. కొట్టిన మరుక్షణం గడ్డపార పారేసి అన్నని ఎత్తుకుని భుజం మీద వేసుకుని మా ఇంటికి పరిగెత్తినవాడూ బావే. దారిలోనే పోయింది ప్రాణం. అమ్మ ఒళ్ళో అన్నని పడుకోబెట్టి, అత్తా నేనే కొట్టినాను, నేనే కొట్టినాను అంటూ అక్కడే కూలబడ్డాడు.

మాలో పెద్దలు న్యాయం చెప్పాలంటే నల్లకంబళి పరిచి, దాని మీద నీళ్ళ చెంబు పెట్టి చుట్టూ కూర్చుంటారు. ఆ కంబళి ముందు అబద్ధం ఆడినవాడికి ఊళ్ళో నిప్పు పుట్టదు, నీళ్ళు పుట్టవు. ఇక మనిషిని చంపినవాడి సంగతి ఏమిటంటే, జరిగిందంతా ఒక్క ముక్క దాచకుండా, ఎవరూ అడగకముందే తనంతట తాను చెప్పాలి. ఒక్క ముక్క మిగిల్చినా చెప్పిందంతా చెడుతుంది, వాణ్ణి ఊరు వదిలేస్తుంది. అంతా చెబితే వాడి ప్రాణం వాడిది. చచ్చిపోయినవాడి మడక, అదే నాగలి, మేడి మీద చెయ్యి పెట్టించి ఒట్టు వేయిస్తారు, ఆనాటి నుంచి చచ్చినవాడు చేయవలసిన పనంతా చంపినవాడిదే. ముందు ఆ ఇంటి చేను దున్ని ఆ తరవాతే తన చేను. ఆ తల్లి బతికినంతకాలం ఆమెకి కొడుకు పని చేయాలి. బావ అంతా చెప్పాడు. నీళ్ళు తాగిన సంగతీ చెప్పాడు. నేను ఆడవాళ్ళ వెనక నిలబడి అంతా విన్నాను.

నెల రోజులు బావ మా చేలో పని చేశాడు. అన్న ఎడ్లు, అన్న మోట. పాట మటుకు లేదు. నాకు వాణ్ణి చూస్తే ఒళ్ళు మండిపోయేది, గంజి తీసుకుపోయి గట్టు మీద విసిరినట్టు పెట్టి వచ్చేదాన్ని. వాడు తలెత్తేవాడు కాదు. అమ్మ మటుకు రోజూ వాడు తిన్నాడో లేదో అడిగేది. కన్నకొడుకుని చంపినవాడు తిన్నాడా అని ఎట్లా అడుగుతున్నావే అని ఒకరోజు అరిచాను. అమ్మ నా మొహంలోకి చూసి, "వాడూ నా చేతిలో పెరిగిన బిడ్డే కదా కన్నా, ఒకడు పోయుండాడు, ఇంకొకణ్ణీ పోగొట్టుకునేదా" అన్నది. నాకు అర్థం కాలేదు. అర్థం చేసుకునే వయసు కాదు, కోపం తప్ప ఇంకేమీ లేదు నాలో.

ఎవరు చెప్పారో, సంగతి తాలూకా కచేరీకి చేరింది. బంట్రోతులు వచ్చి చేలో దున్నుతున్నవాణ్ణి అట్లాగే సంకెళ్ళు వేసి తీసుకుపోయారు. మా పెద్దలకి ఇది మింగుడుపడలేదు, తీర్పు అయిపోయిన తగువుకి మళ్ళీ తీర్పేమిటని. మా చిన్నాన్న, అంటే నాన్న తమ్ముడు, ఒక్కడే సంతోషించాడు. ఆయనకి ముందు నుంచీ మా కంబళి తీర్పు నచ్చలేదు. కోయంబత్తూరుకి సాక్ష్యం చెప్పడానికి బండి కట్టుకుని పోతున్నప్పుడు దారి పొడుగునా ఆయనకీ అమ్మకీ అదే వాదన. "చంపినోడికి మడక చేతికిస్తే సరిపోయిందా వదినా? రేపు ఎవడికి కోపం వస్తే వాడు కొట్టేది, మడక పట్టేది, ఇదేం నాయం?" అంటాడు ఆయన. భయం ఉండాలి, కుంఫిణీ దొరలు చేసేదే సరి అంటాడు. చివరికి అమ్మ, "భయమా? వాడికి నా మొహం చూసే దినదినం భయమే. తాడు ఒక్క దినంలో తీరిపోతుంది" అన్నది. మనవడు సీమ సంగతులు చదువుతుంటే నాకు ఆ బండి గుర్తొచ్చింది, ఆ పెద్దమనుషులు ఇప్పుడు అనుకుంటున్న మాటలన్నీ మా ఎద్దుబండిలో ఎప్పుడో అయిపోయాయి.

కోర్టులో మన మాట తెలిసిన గుమాస్తా ఒకాయన ఉండేవాడు, మేము చెప్పేది దొరకి ఇంగ్లీషులో చెప్పే ఆయన. మంచివాడు. మామ ఆయన కాళ్ళు పట్టుకున్నాడు. ఆయన నన్ను పక్కకి పిలిచి, అడిగినదానికి మటుకు జవాబు చెప్పు తల్లీ, దానికి తోక తగిలించొద్దు అన్నాడు. ఎందుకో చెప్పలేదు. చెప్పి ఉంటే ఎంత బాగుండేది. ఆవేశంలో చేతికి దొరికినదానితో కొట్టాడని తేలితే జైలు కొట్లో వేసి ఊరుకుంటారనీ, ఇంటికి పోయి ఆయుధం తెచ్చి కొట్టాడని తేలితే ఉరి తప్పదనీ మామకీ బావకీ చెప్పాడట, నాకు చెప్పలేదు. ఆడపిల్లకి ఎందుకు, అడిగినదానికి చెబితే చాలు కదా అనుకున్నారు.

ఎత్తు మీద దొర, ఆయన పక్కన పాత నవాబుల నాటి శాస్త్రం చెప్పే తెల్లగడ్డం ఖాజీ, కింద మేము. బావ నేనే కొట్టినాను సామీ అని మటుకు చెప్పి తలదించుకున్నాడు. నూతి దగ్గర గొడవయింది, కొట్టినాను. అంతే. గడ్డపార ఎక్కడిదని అడిగితే అక్కడే ఉండిందన్నట్టు తల ఊపాడు. కంబళి ముందు చెప్పిన మాట ఇక్కడ చెప్పలేదు, ఒక ముక్క మిగిల్చేశాడు, చెప్పిందంతా చెడిపోతుంది, ఇక వీణ్ణి ఎవరూ కాపాడలేరు అనుకున్నాను. ఇది కూడా న్యాయం చెప్పే చోటే కదా, దొర కూడా పెద్దమనిషే కదా. నా వంతు రాగానే, నువ్వు చూశావా అంటే చూశాను అని ఆగవలసినదాన్ని ఆగలేదు. వాడు మరిచిపోయింది నేను చెబుతాను సామీ అని మొదలుపెట్టి, ఇంటికి పోయింది, కుండ దగ్గర ఆగింది, నీళ్ళు తాగింది, గడ్డపార తీసుకుని వచ్చింది, అంతా చెప్పాను, కంబళి ముందు చెప్పినట్టే చెప్పాను. గుమాస్తాకి అదంతా దొరకి చెప్పక తప్పలేదు. దొర కలం పట్టుకుని మళ్ళీ మళ్ళీ అడిగాడు. ఎంత దూరం పోయాడు. నిలబడి తాగాడా, కూర్చుని తాగాడా. వచ్చేటప్పుడు పరిగెత్తాడా, నడిచాడా. నేను దేనికీ తడుముకోలేదు. ఎంత చెబితే అంత మంచిదని చెప్పుకుపోయాను. కూర్చునే తాగాడు సామీ, నడిచే వచ్చాడు సామీ. వెనకాల మామ నేల మీద కూలబడిన చప్పుడు వినపడింది గానీ ఎందుకో నాకు తెలియలేదు. బావ తలెత్తి నన్ను చూశాడు. అన్న పోయిన తరవాత నన్ను చూడడం అదే మొదలు. కోపం లేదు ఆ చూపులో, అవును, అదీ జరిగింది అన్నట్టు తల ఊపాడు.

కోర్టు బయటికి వచ్చాక గుమాస్తా చెబితే గానీ నేనేం చేశానో నాకు తెలియలేదు. నేలలోకి కుంగిపోతే బాగుండుననిపించింది. అమ్మ నన్ను ఒక్కమాట అనలేదు. తిన్నగా లోపలికి పోయి దొర ఎదుట నిలబడి, చచ్చినవాడు నా కొడుకు, చంపినవాడు నా అన్న కొడుకు, నాకు పగ లేదు, వాణ్ణి నాకు ఇచ్చేయమని అడిగింది. నవాబుల కాలంలో అయితే చచ్చినవాడి వాళ్ళు వద్దంటే ప్రాణం దక్కేదట, కుంఫిణీ వచ్చి అది తీసేసిందట, ఖాజీగారు ఆ మాటే గొణిగారని గుమాస్తా తరవాత చెప్పాడు. దొర కసురుకోలేదు, మెత్తగానే చెప్పాడు, ఇది నీకు జరిగిన నేరం కాదమ్మా, కుంఫిణీ సర్కారుకి జరిగిన నేరం, క్షమించడం నీ చేతిలో లేదు అని. అమ్మ, "కొడుకు నావాడు సామీ, కుంఫిణీవాడు కాదే" అన్నది. ఆ మాటని గుమాస్తా ఇంగ్లీషులోకి చెప్పాడో లేదో, దొర మటుకు కాగితాలు సర్దుకున్నాడు.

దొర ఉరి అని రాశాడు గానీ, కాగితాలు చెన్నపట్నం పోయి రావాలి, అక్కడి పెద్దకోర్టు సరేననాలి. అదొక మూడు నెలలు. అమ్మ రెండుసార్లు నడిచిపోయి అర్జీలు ఇచ్చి వచ్చింది. చివరికి ఆర్డరు వచ్చింది. జైల్లో చూడనిస్తామంటే మామా అమ్మా నేనూ పోయాం. నేను కటకటాల దగ్గర నిలబడి ఏడ్చాను, కాపాడాలనే చెప్పాను బావా అన్నాను. వాడు, "నిజమే కదా చెప్పినావు. దాంట్లో తప్పేముంది, ఏడవొద్దు" అన్నాడు. నాతో వాడు నేరుగా మాట్లాడింది బతుకులో అదొక్కసారే. ఏడుస్తూ కూడా నా లోపల ఒక మూల, మా అన్నకి ఆ దెబ్బ తగిలినప్పుడు ఎంత నొప్పి పుట్టిందో వీడికీ తెలియనీ అని ఉన్నది, నిజం చెప్పాలంటే ఉన్నది. కాపాడాలనే చెప్పానా, ఆ కోపమే నా నోట్లోంచి అంత వివరంగా మాట్లాడిందా అని ఇన్నేళ్ళుగా నన్ను నేను అడుగుతూనే ఉన్నాను. ఒక్కోరోజు ఒక్కో జవాబు వస్తుంది.

ఉరి బహిరంగంగా తీసేవాళ్ళు అప్పట్లో. మేమెవరం పోలేదు. చిన్నాన్న పోయాడు, తలగుడ్డ కొత్తది కట్టుకుని మరీ పోయాడు. మర్నాడు తిరిగివచ్చి స్నానం చేసి మా వాకిట్లో కూర్చున్నాడు, అమ్మ అన్నం పెడితే ముట్టలేదు. పొద్దు వాలాక చెప్పాడు. మెట్లు ఎక్కేముందు బావ గుంపులో ఆయన్ని చూసి, "చిన్నమామా, మన పక్కం వాన పడిందా" అని అడిగాడట. మా ఊళ్ళో అప్పటికి చుక్క పడలేదు. చిన్నాన్న, పడింది అబ్బయ్యా, నుయ్యి నిండింది అన్నాడట. అబద్ధం చెప్పినాను వదినా అంటూ ఆయన చిన్నపిల్లవాడిలా ఏడ్చాడు. ఆ తరవాత ఎక్కడైనా భయం ఉండాలి, శిక్ష ఉండాలి అనే మాట వస్తే లేచి పోయేవాడు.

మా చేలు అమ్మ ఎవరెవరినో బతిమాలుకుని దున్నించింది, మామ చేలు బీడు పడ్డాయి. ఇద్దరు మగపిల్లలు దున్నే నేల అది, ఏడాది తిరక్కుండా ఇద్దరూ పోయారు. నన్ను రెండేళ్ళకి పొల్లాచ్చి పక్కం ఇచ్చారు. కొబ్బరితోటల ఇల్లు, ఎప్పుడూ నీడ, ఎప్పుడూ నీళ్ళు. నా పెనిమిటి మంచిమనిషి, ఏదీ గుచ్చి అడగలేదు, పిల్లలు పుట్టారు. నవ్వలేదని కాదు, తినలేదని కాదు. కోపం మటుకు నాతోనే కాపురానికి వచ్చింది. అన్న గుర్తొచ్చినప్పుడల్లా చచ్చిపోయిన బావ మీద కూడా పళ్ళు కొరికేదాన్ని. అట్లా పదకొండేళ్ళు. ఒకరోజు మధ్యాహ్నం, ఏమీ లేదు, ఎండుకొబ్బరి తిరగేస్తున్నాను, ఎండ కాస్తోంది, పిల్లలు ఆడుకుంటున్నారు, అన్నా బావా ఇద్దరూ గుర్తొచ్చారు, కోపం కోసం వెతికితే లేదు. ఎప్పుడు పోయిందో తెలియదు. లేచి నిలబడ్డాను. ఇప్పుడు పోయి వాడికి చెప్పాలి అనిపించింది. నిజంగా రెండడుగులు వేశాను కూడా. అప్పుడు గుర్తొచ్చింది. ఆ ఎండలో నిలబడి ఏడ్చినట్టు నేను ఉరితీసిన రోజున కూడా ఏడవలేదు.

ఇప్పుడు మా ఊళ్ళో ఎవరూ కంబళి పరవరు. తగువు వస్తే బండి కట్టి కోర్టుకే పోతారు, సాక్ష్యం చెప్పేవాళ్ళకి ఎంతవరకు చెప్పాలో మా మనవడే ముందురోజు కూర్చోబెట్టి నేర్పుతాడు, వాళ్ళూ చక్కగా అంతవరకే చెప్పి ఇళ్ళకి పోతారు. వాణ్ణి తప్పుపట్టను. ఆనాడు నాకు అట్లా నేర్పేవాడు ఒకడుంటే నాకీ మాటలు చెప్పే పని ఉండేది కాదు. అయినా ఎవరికీ భయపడకుండా, ఏమీ దాచుకోకుండా, చెబితే మంచే జరుగుతుందని నమ్మి మనుషులు నోరు తెరిచిన రోజుల మీద నాకు బెంగ తీరదు.

సీమ పెద్దమనుషులు ఏం తేల్చుకుంటారో నాకు తెలియదు, నన్నెవరూ అడగరు. మనవడు అడిగాడు కాబట్టి వాడికి చెప్పాను. తప్పు చేసినవాడి సంగతి, భయం సంగతి వాళ్ళు చూసుకుంటారు, నా సంగతి ఒక్కటే నాకు తెలుసు. నా కోపం తగ్గడానికి పదకొండేళ్ళు పట్టింది. సర్కారు మూడు నెలలు ఆగింది. బావ ఉండి ఉంటే ఇప్పుడు డెబ్బైకి దగ్గరపడి ఉండేవాడు, నేను చూసిన బావకి ఇరవై నాలుగేళ్ళు, మీసంలో ఒక్క తెల్లవెంట్రుక లేదు. ఈ మాట రాస్తూ మనవడు కలం ఆపి నా వైపు చూస్తున్నాడు. రాయరా అంటున్నాను.